పసుపు దీపం వెలిగితే

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నకిరేకల్ దాటాక కారులో పసుపు దీపం వెలిగిందనీ, అదేమిటో తెలియక అదే వేగంతో సూర్యాపేట దాకా పోయావనీ మీ నాన్న చెప్పాడు. విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. గుర్రపు నాడా, మధ్యలో ఆశ్చర్యార్థకం ఉన్న ఆ బొమ్మ టైరులో గాలి తగ్గిందని చెబుతుంది. చాలా కార్లలో పావు వంతు గాలి పోయాక గాని అది వెలగదు. చూసేసరికే ఆలస్యమైందనుకో.

వెలగగానే బ్రేకు మీద కాలు వేసి తొక్కకు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకో. కారు ఒక పక్కకు లాగుతున్నా, కింద దబదబ చప్పుడు వస్తున్నా టోల్‌గేటు దాకా పోదామన్న ఆశ వద్దు. వంతెన, మలుపు తప్పించి ఎడమ అంచున ఆపు. నాలుగు ఇండికేటర్లూ వేసి, ఎర్ర త్రికోణాన్ని బాగా వెనక పెట్టు. కారులో కూర్చోకుండా అందరూ రోడ్డుకు దూరంగా నిలబడండి. జాతీయ రహదారి మీద 1033కు ఫోను చేస్తే సాయం వస్తుంది.

కారు తిన్నగా పోతుంటే యాభై దాటకుండా దగ్గరి బంకుకు చేరు. గాలి తగ్గిన టైరు గోడ ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. మన మే నెల ఎండలో, వంద వేగంలో అది పేలడానికి ఎంతసేపు?

ఎంత గాలి కొట్టాలని బంకులో కుర్రాడు అడిగితే, డ్రైవరు తలుపు తీశాక పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కరులోని అంకె చెప్పు. టైరు మీద అచ్చువేసినది గరిష్ఠ పరిమితి, అది కాదు. స్టిక్కరు లెక్క చల్లని టైరుకు. నడిచిన టైరులో ఎక్కువే చూపిస్తుంది. ఒకసారి కోదాడలో మిట్టమధ్యాహ్నం నేను తెలివి చూపించి ఎక్కువైన గాలి తీయించాను. మర్నాడు పొద్దున తాళం తిప్పగానే అదే దీపం పలకరించింది! మీ పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

గాలి కొట్టించిన రెండు రోజులకే మళ్లీ వెలిగితే ఎక్కడో మేకు దిగి ఉండొచ్చు. నువ్వు పీకకు, పంక్చరు షాపులో పీకనీ. దీపం కాసేపు మిణుకుమని ఆ తర్వాత నిలిచి వెలిగితే తప్పు సెన్సారుది కావచ్చు. అయినా గాలి చూపించు.

ఇంతకీ స్టెప్నీలో గాలి ఎప్పుడు చూశావు? ఆదివారం వచ్చినప్పుడు డిక్కీ తెరిపిస్తాను, సిద్ధంగా ఉండు.