నీ కథలో 11 ‘యాక్చువల్లీ’లు

అనంతపురం

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. వేరుశనగ బుడ్డలు ఒలిచే అవ్వ గోళ్ల సందుల్లో ఎర్రమట్టి నువ్వు కళ్లతో చూసి రాసిందే. చాలా సంతోషమైంది. అయితే 6 పేజీల్లో 11 చోట్ల ‘యాక్చువల్లీ’ తగిలింది. పెన్సిల్‌తో సున్నాలు చుట్టి పంపుతున్నాను.

ఇంగ్లీషు మాట వాడావని కాదు నా బాధ. పొద్దస్తమానం మనం అనే ‘అసలు’ కూడా బయటిదే. అరబ్బీలో ‘అస్ల్’ అంటే వేరు, మొదలు. ఉర్దూ మీదుగా మన నోటికొచ్చింది. అప్పు తెచ్చి చేను వేసిన రైతును అడుగు, అసలంటే ఏమిటో, దాని మీద వడ్డీ ఎట్లా మొలుస్తుందో చెప్తాడు. పనికొచ్చింది కాబట్టే ఆ మాట మనదైంది.

యాక్చువల్లీ కూడా పని మీద పుట్టిందే. దాని మూలమైన లాటిన్ ధాతువుకు ‘చేయడం’ అని అర్థం. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో దాన్ని ‘చేతల్లో’ అనే అర్థంతో వాడారు. తర్వాత ‘నిజంగా’ అయింది. ఫ్రెంచిలో దాని తోబుట్టువు మాత్రం ‘ప్రస్తుతం’ వైపు పోయింది. నిజాన్ని చెప్పే మాటలు వాడగా వాడగా అరిగిపోతాయి. ‘వెరీ’ కూడా ఒకప్పుడు ‘నిజమైన’ అనే మాటే, ఇప్పుడు ఉత్త ‘చాలా’.

“యాక్చువల్లీ ఆ రోజు వాన పడింది” అని రాశావు. పడలేదని ఎవరన్నారు? చదివేవాడు ఒకటి అనుకుంటుంటే, అది కాదు ఇదీ అని చెప్పడానికే ఆ మాట. దాన్ని ‘నిజానికి’ అని తెలుగు చేసినా దండగే. కొట్టేయి. ఆ రోజు వాన పడింది. మన అనంతపురం కథలో అంతకంటే ఏం కావాలి?

10 తీసేయి. ఒక్కటి ఉంచు. బెంగళూరు నుంచి మనవరాలు ఫోన్‌లో “యాక్చువల్లీ అవ్వా... పండక్కి రాలేనేమో” అంటుంది చూడు, అది. అక్కడ ఆ పిల్ల చేదు మాట చెప్పేముందు కాస్త ఊపిరి తీసుకుంటోంది. ఇంగ్లీషువాళ్లు కూడా అట్లాగే వాడతారు. ఆ మాట చెవిన పడగానే, మిగతాది వినకముందే, అవ్వకు తెలిసిపోయి ఉంటుంది. బుడ్డ ఒలిచే చెయ్యి ఆగిపోయి ఉంటుంది. ఆ చెయ్యి గురించి నువ్వు రాయలేదు. రాసి, ఉగాది లోపల మళ్లీ పంపించు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన