వీపు పుండు మానేదాకా జీను వద్దు: కొండ గుర్రం గాయాలు, పిల్లవాడి స్వారీ

సందేహం: మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, జి.మాడుగుల మండలం. కాఫీ, మిరియాలు, పసుపు కొండ మీది నుంచి సంతకు మోయడానికి ఏడేళ్ల ఆడ గుర్రం ఉంది. పది రోజుల కిందట ముళ్లకంచె తగిలి ముందు కాలు మోకాలి కింద చీరుకుపోయింది. పసుపు, బూడిద అద్దాం. ఇప్పుడు పుండులోంచి ఎర్రటి కండ ఉబ్బి పైకి వస్తోంది. వీపు మీద జీను ఒరిసి రెండు చోట్ల తోలు లేచింది. కుంటడం లేదు, మేత బాగానే తింటోంది. ఛాతీ చుట్టుకొలత 135 సెం.మీ., పొడవు 125 సెం.మీ. మా పన్నెండేళ్ల అబ్బాయి (34 కిలోలు) దీని మీదే స్వారీ నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. ఏం చేయమంటారు? – ఒక గిరిజన రైతు

జవాబు: మిగతావన్నీ తర్వాత. ఈ జవాబు చూసిన రోజే గుర్రానికి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించండి. పశువులన్నింటిలోకీ ధనుర్వాతానికి త్వరగా లొంగిపోయేది గుర్రమే. ఆ క్రిమి మట్టిలో, గుర్రపు పేడలో ఉంటుంది. గాలి తగలని లోతు గాయంలో పెరుగుతుంది. గాయమైన ఒకటి నుంచి మూడు వారాల్లో లక్షణాలు బయటపడుతుంటాయి. మీ గుర్రం సరిగ్గా ఆ రోజుల్లోనే ఉంది. ఇంతకుముందు టీకా వేయించి ఉండకపోతే టాక్సాయిడ్ (ధనుర్వాతం టీకా)తో పాటు యాంటీటాక్సిన్ (ఆ విషాన్ని వెంటనే విరిచే మందు) కూడా కావాలి. రెండూ వేరువేరు సిరంజిలతో, వేరువేరు చోట్ల వేయాలి. 4 నుంచి 6 వారాల్లో టాక్సాయిడ్ రెండో డోసు, ఆపైన ఏడాదికోసారి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మీ ఊరికి దారి లేకపోతే గుర్రాన్ని రోడ్డు దాకా మెల్లగా నడిపించి తీసుకురండి. మందు అందుబాటులో ఉందో లేదో ఫోన్‌లోనే అడగండి.

ఈలోగా రోజూ పొద్దున, సాయంత్రం గుర్రాన్ని కాసేపు నిలబడి చూడండి. నడక బిగుసుకుపోవడం, చెవులు నిక్కపొడుచుకుని ఉండటం, తోక కాస్త లేచి ఉండటం, కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర అడ్డంగా జారిరావడం, చప్పుడుకు ఉలిక్కిపడటం – వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చేయవద్దు. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట కట్టి డాక్టరును పిలవండి.

ఇక కాలి పుండు. ఉబ్బి వస్తున్న ఆ ఎర్రటి కండ దుర్మాంసం. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. తోలు ఎముకకు బిగుతుగా అంటుకుని ఉంటుంది, ప్రతి అడుగుకూ కదులుతుంది. అందుకే అక్కడి గాయం తొందరగా మూసుకోదు. అంచుల నుంచి కొత్త తోలు పాకేలోపే మధ్యలో కండ పొంగిపోతుంది. పొంగిన కండను దాటి తోలు ఎక్కలేదు. దీన్ని మైలుతుత్తంతో గానీ, కాల్చిన ఇనుముతో గానీ మాడ్చడం మన ఊళ్లలో అలవాటు. దయచేసి ఆ పని చేయవద్దు. దుర్మాంసంతో పాటు అంచున పుడుతున్న లేత తోలూ కాలిపోయి పుండు నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. దుర్మాంసంలో నరాలు ఉండవు కాబట్టి డాక్టరు దాన్ని కోసి చదును చేసినా గుర్రానికి నొప్పి తెలియదు. కానీ రక్తం బాగా కారుతుంది. అందుకే మీరు కోయకండి. కోశాక బిగింపు కట్టు కట్టి, అవసరమైతే స్టెరాయిడ్ పూతమందు రాస్తారు. ఒక ఊరట ఏమిటంటే, పొట్టి గుర్రాలకు పెద్ద గుర్రాల కంటే కాలి పుండ్లు త్వరగా మానతాయి.

ఇంట్లో చేయాల్సింది కడగడం, కట్టు కట్టడం. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర, కలపండి. బూడిద పూర్తిగా పోయేదాకా ఆ నీళ్లతో నెమ్మదిగా కడగండి. పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా పలచన చేసి వాడవచ్చు. బూడిద, ఫినాయిల్, కిరోసిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. పసుపు కూడా వద్దు. పసుపు మీద మనకున్న నమ్మకం నాకు తెలుసు, కానీ తెరిచిన పుండులో పొడి ముద్దకట్టి దుమ్మును పట్టి ఉంచుతుంది. కడిగాక అంటుకోని గుడ్డ, దాని మీద మందంగా దూది, ఆపైన కట్టు అంతటా ఒకే బిగువుతో కట్టాలి. దూది లేకుండా బిగిస్తే వెనక నరాలుగా మనం చెప్పుకునే స్నాయువులు దెబ్బతింటాయి. రెండు మూడు రోజులకోసారి మార్చండి. కట్టుకు పైనా కిందా వాపు కనిపిస్తే వెంటనే విప్పండి. ఈగలు వాలకుండా వేపనూనె పుండు చుట్టూ రాయండి, పుండులో కాదు.

పుండు నుంచి పసుపురంగు, వేళ్ల మధ్య జారే ద్రవం కారుతూ గుర్రం కుంటితే గాయం కీలు దాకా పోయినట్టే. అది ఆ రోజే డాక్టరు చూడాల్సిన సంగతి. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద వరసగా గడ్డలు లేచి పగలడం, ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారడం చూస్తే ముట్టుకోకుండా విడిగా కట్టి కబురు చేయండి. గ్లాండర్స్ కావచ్చు, అది మనుషులకూ అంటుతుంది. మీ గుర్రం అలా లేదు. సంతలో మరో గుర్రం కొనేటప్పుడు పనికొస్తుందని చెబుతున్నాను.

వీపు పుండు విషయంలో నాకు మరింత బాధగా ఉంది, ఎందుకంటే అది తప్పించగలిగేది. మానేదాకా వీపు మీద ఏదీ వేయకండి. మడత దుప్పటి కూడా వద్దు. మానిన చోట వెంట్రుకలు తెల్లగా వస్తే, అక్కడ తోలు లోపలిదాకా నలిగిందని గుర్తు. మళ్లీ మోత మొదలుపెట్టిన రోజు, జీను దించగానే చెమట పట్టిన తీరు చూడండి. చుట్టూ తడిసి మధ్యలో పొడి మచ్చ కనిపిస్తే బరువంతా అక్కడే ఆనుతోందన్నమాట. మడత పెట్టిన గోనెసంచి వెన్నెముక మీద పడుతుంది. దానికి బదులు వెన్నుకు రెండు వైపులా పొడవైన మెత్తలు కుట్టించి, మధ్యలో నాలుగు వేళ్ల సందు వదలండి. రెండు పక్కల బస్తాలూ తూకం వేసి సమానంగా కట్టండి.

ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే గుర్రం బరువు సుమారుగా వస్తుంది. మీది దాదాపు 192 కిలోలు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోలు దాటకూడదు. కొండదారిలో ఇంత చిన్న గుర్రానికి 50 దాటించవద్దన్నది నా సలహా. ఏకబిగిన 5 గంటలకు మించి, రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదన్న నియమమూ ఉంది.

స్వారీకి లెక్క ఇంకా తక్కువ: గుర్రం బరువులో ఐదో వంతు, అంటే జీనుతో కలిపి 38 కిలోలు. అబ్బాయి 34, తేలికపాటి జీను 4. సరిగ్గా సరిపోతుంది. పెద్దవాళ్లు మాత్రం ఎక్కకండి.

పుండు మానేదాకా అబ్బాయి ఊరికే ఎదురుచూడనక్కర్లేదు. స్వారీలో మొదటి సగం నేలమీదే నేర్చుకోవాలి. వెనక నుంచి కాకుండా భుజం పక్క నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లాలి. రోజూ మాలిష్ చేయాలి, గిట్టలు ఎత్తి రాళ్లు తీయాలి, మీరు కట్టు మార్చేటప్పుడు తల దగ్గర పట్టుకుని నిలబడాలి. తాడు చేతికి గానీ నడుముకు గానీ చుట్టుకోకూడదు. గుర్రం బెదిరితే ఈడ్చుకుపోతుంది.

డాక్టరు సరేనన్నాక రోజుకు పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. బస్తాల జీను మీద కూర్చోబెట్టకండి. స్వారీ కోసం చేసిన హెల్మెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది లేకుండా ఎక్కించవద్దు. మడమ ఉన్న బూటు వేయండి. రికాబులో, అంటే జీను నుంచి వేలాడే కాలు పెట్టే కడియంలో, పాదం ముందు భాగం మాత్రమే ఉండాలి, మడమ కిందికి వంగాలి. చెప్పులతోనో, పాదమంతా దూర్చో ఎక్కితే పడినప్పుడు కాలు ఇరుక్కుంటుంది. ఎడమ పక్క నుంచి ఎక్కాలి, చూపు చెవుల మధ్య నుంచి ముందుకు ఉండాలి. పగ్గాలు పట్టుకుని వేలాడితే కళ్ళెం నోటిని కోస్తుంది. అందుకే తొలి రెండు మూడు వారాలు పగ్గాలు అబ్బాయికి ఇవ్వకుండా మీరే తాడు పట్టి చదునైన చోట నడిపించండి. అతను జూలు పట్టుకుంటే చాలు. నిలబడిన గుర్రం మీద నుంచి రెండు కాళ్లూ రికాబుల నుంచి తీసి దిగడం బాగా అలవాటయ్యాకే నడక దాటి పరుగుకు పోనివ్వండి.