కడప బండలు పగలగొట్టించకండి

ప్రశ్న: మాది కావలి. 2003లో కట్టిన సొంతిల్లు. వంటగదిలో కడప బండల అరలు, వాటికి ప్లైవుడ్ తలుపులు. సింకు కింద తలుపులు ఉబ్బిపోయి మూతపడటం లేదు. టైల్స్ సందులు జిడ్డుతో నల్లబడ్డాయి. కుళాయిలు కారుతున్నాయి. ఈ వేసవిలో పెద్దమ్మాయి పెళ్లి చేశాం. సంక్రాంతికి కొత్త అల్లుడు, వియ్యాలవారు వస్తారు. నెల్లూరులో ఒక షాపువాళ్లు మాడ్యులర్ కిచెన్‌కి 3.5 లక్షలు అవుతుందన్నారు. మావారి జీతం 52,000. పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? 2.4 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు 10,000 కట్టే 2 లక్షల చీటీకి ఇంకా ఆరు నెలలుంది. బాబు ఇంటర్ రెండో సంవత్సరం.

జవాబు: పెళ్లి చేసిన ఏడాదే ఇంకో అప్పు నెత్తిన పెట్టుకోవద్దమ్మా. 3.5 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 9,560 కట్టాలి. మొత్తం 4.59 లక్షలు అవుతుంది, అంటే వడ్డీయే లక్షా తొమ్మిది వేలు. చీటీతో కలిపితే ప్రతి నెలా 19,500 బయటికి పోతుంది. అమ్మాయికి మొదటి ఏడాది పండగ ఖర్చులు ఎలాగూ ఉంటాయి. బాబు వచ్చే మేలో ఈఏపీసెట్ రాస్తే ఫీజు, హాస్టలు వెంటనే వచ్చిపడతాయి.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఈ మార్పు మీకు అవసరమని నాకు అనిపించలేదు. పాడైనవాటిలో మీరు తలుపులు, కుళాయిలు, టైల్స్ సందులు రాశారు. అరలు పగిలాయని ఎక్కడా రాయలేదు. ఇరవై ఏళ్లకు పైగా తడిసినా కడప బండ ఉబ్బదు, చెద పట్టదు. మాడ్యులర్ పెట్టాలంటే షాపువాళ్లు మొదట ఆ బండలనే పగలగొడతారు, వాటి చోట చెక్క పెట్టెలు బిగిస్తారు. సింకు కింద తడి అలాగే ఉంటే ఆ పెట్టెలకూ ఇప్పటి తలుపుల గతే పడుతుంది. ఇంట్లో అన్నిటికన్నా గట్టి వస్తువును తీసేయడానికి అప్పు చేయడం నాకు బాధగా ఉంది.

కాబట్టి నీళ్ల పని ముందు. సింకు వేస్ట్ పైపు, కుళాయిలు మార్పించండి. సింకు నింపి ఒకేసారి వదిలి, కింద పాత పేపరు పరిచి, ఒక రాత్రి ఆగి చూడండి. పేపరు పొడిగా ఉంటేనే వడ్రంగిని పిలవాలి. బండకు బందులు (తలుపు కీళ్లు) నేరుగా పట్టవు, చట్రం మీదే తలుపు నిలుస్తుంది. పాత చట్రానికి చెద పట్టిందేమో తట్టి చూడమనండి. బండల అరలు ఒక్కొక్కటి ఒక్కో కొలతలో ఉంటాయి, అందుకే ప్రతి తలుపుకూ విడిగా కొలత తీయించాలి. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర (తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉందో లేదో మీరే చూసుకోండి. మీకు తుమ్మలపెంట సముద్రం దగ్గరే, ఉప్పుగాలికి మామూలు ఇనుప బందులు త్వరగా తుప్పు పడతాయి. 304 గ్రేడు స్టీలు బందులు అడగండి. ఇక్కడ నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదు.

టైల్స్ మార్చనక్కర్లేదు. సందులు గీయించి ఎపాక్సీ (సిమెంటుకు బదులు వాడే, నీరు పీల్చని జిగురు మిశ్రమం) నింపిస్తే జిడ్డు అంతగా పట్టదు. గ్యాస్ గొట్టం ఐదేళ్లు దాటితే మార్చండి. పెయింటు మాత్రం సంక్రాంతికి తొందరపడి వేయించొద్దు. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే కాబట్టి, ఆ తడి ఆరకుండా వేస్తే పొరలుగా లేస్తుంది. ఆ పని మార్చిలో పెట్టుకోండి. వియ్యాలవారికి కనపడేది తలుపులు, గట్టు. అవి శుభ్రంగా ఉంటే చాలు. మీరు పడుతున్న మొహమాటం నాకు అర్థమవుతుంది, కొత్త చుట్టరికంలో అది సహజమే.

మొత్తం 90,000 దాటకూడదని ముందే గీత గీసుకోండి. ఎఫ్‌డీ రద్దు చేయొద్దు, దాని మీదే ఆ 90,000 అప్పు తీసుకోండి. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ వేస్తారు. ఎనిమిదిన్నర శాతం అనుకున్నా ఆరు నెలలకు 3,800 చిల్లర, అటు డిపాజిట్ మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. చీటీ చివర్లో వచ్చే డబ్బుతో ఆ అప్పు తీర్చి, మిగిలింది, ఎఫ్‌డీ రెండూ బాబు చదువుకు ఉంచండి. ఇప్పుడే పాట పాడితే తగ్గింపు రూపంలో నష్టపోతారు. కానీ అది రిజిస్టర్ అయిన చీటీ కాకపోతే, తెలిసినవాళ్ల దగ్గర నోటిమాట మీద కడుతున్నదైతే నా సలహా మారుతుంది. అప్పుడు కొంత పోయినా ముందే పాడుకుని డబ్బు చేతికి తెచ్చుకోండి, వంటగది ఖర్చు అందులోంచే పెట్టండి.

గట్టు ఎత్తు తక్కువై మీకు నడుం నొప్పి వస్తున్నా, బండలు బీటలు వారినా కొత్త వంటగది ఆలోచన సరైనదే. అప్పుడు కూడా బాబు మొదటి ఏడాది ఫీజు కట్టేశాకే. షాపువాడికి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే రసీదులో వెనక్కిచ్చే షరతు ఏముందో ఈ రోజే చదవండి. ఇవ్వకపోతే ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.