బోర్డులో కూర్చుని బిల్లు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. చిన్న బేకరీ నడుపుతున్నాను. దగ్గర్లోని పిల్లల హోమ్ వాళ్ళు ట్రస్టు బోర్డులోకి రమ్మంటున్నారు. రోజూ బ్రెడ్ మా బేకరీ నుంచే కాస్త తక్కువ ధరకు ఇద్దామనుకుంటున్నాను. తప్పా మేడమ్? లెక్కలు చూడాలంటే టెన్షన్ కూడా. (ఒక పాఠకురాలు)

జవాబు: నా చిక్కీ కథ చెబుతానమ్మా, విని మీరే తేల్చుకోండి.

2000లో ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం 'వెలుగు' వచ్చిన కొత్తలో అనంతపురం జిల్లాలో సీసీగా, అంటే మహిళల పొదుపు సంఘాలను చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా, చేరాను. కొన్నేళ్ళకు ఉద్యోగం మానేసి వేరుశనగ చిక్కీ యూనిట్ పెట్టుకున్నాను. ఒక హోమ్ బోర్డులోకి తీసుకోగానే మీలాగే తక్కువ రేటుకు చిక్కీ పంపడం మొదలుపెట్టాను. పుణ్యానికి పుణ్యం, ఆర్డరూ ఖాయం.

ఒక వానాకాలం పప్పు సరిగా ఆరలేదు. మీటింగ్ అయ్యాక వరండాలో చెప్పులు వేసుకుంటుంటే ఓ చిన్నపాప దగ్గరికొచ్చి, "మేడమ్, చిక్కీ చేదుగా ఉండాది" అంది. వంటగదిలోకి వెళ్ళి డబ్బా మూత తీస్తే కనరు వాసన గుప్పుమంది. మూడు వారాలుగా అదే పెడుతున్నారట! ముందే చెప్పలేదేమని అడిగితే వార్డెనమ్మ తలొంచుకుని, "మీరు బోర్డు మేడమ్ కదా, ఎట్ల చెప్పేది?" అంది. బయటి కొట్టు సరుకైతే ఆ రోజే తిప్పి పంపేది.

అప్పటి నుంచి బిల్లు పెట్టలేదు. ఏదైనా ఇస్తే ఊరికే ఇస్తాను, అదీ వార్డెన్ రుచి చూసి స్టాక్ రిజిస్టరులో రాశాకే. మీరిప్పుడు తక్కువకే ఇస్తారు, నిజమే. రేపు మైదా ధర పెరిగితే రేటు పెంచమని అడిగేదీ మీరే, ఒప్పుకునేదీ మీరేనా? ట్రస్టు సొమ్ముతో బోర్డు మనిషి వ్యాపారానికి అనుచిత లాభం కలిగిందని తేలితే ఆ మేరకు ట్రస్టుకున్న ఆదాయపు పన్ను మినహాయింపుకు ఎసరు.

లెక్కలకు భయమెందుకు? పొదుపు సంఘాలు పాటించే ఐదు నియమాల్లో, అదే పంచసూత్రాల్లో, లెక్కల పుస్తకాల నిర్వహణ ఒకటి. వేలిముద్ర వేసే అక్కలే "నా నూరు రూపాయలు ఏ పేజీలో ఉండాయో చూపించు" అని నన్ను నిలదీసేవాళ్ళు. మీరూ అంతే అడగండి. సంతకం పెట్టే ముందు 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద హోమ్ రిజిస్ట్రేషన్ కాగితం, ఒక్కో పిల్లవాడికీ బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఉత్తర్వు చూడండి. చెప్పకుండా ఒకరోజు భోజనాల వేళకు వెళ్ళి కంచాలు లెక్కపెట్టండి. హాజరు పట్టీలో పేర్లకూ వాటికీ పొంతన కుదరకపోతే బోర్డు సంగతి అక్కడే వదిలేయండి.

బేకరీ అన్నారు కాబట్టి ఇంకో మాట. పుట్టినరోజు కేకు కోయించి, పిల్లలతో ఫోటో దిగి షాపు స్టేటస్‌లో పెట్టే సరదా మనవాళ్ళకు జాస్తి. అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదు. కేకు ఒక్కదానికే ఫోటో తీసుకోండి.