కొండ మీదికి కరోనా రాలేదు, మరి కష్టం ఎక్కణ్నుంచి వచ్చింది?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఏజెన్సీ ఊళ్లలో కరోనా పెద్దగా రాలేదని, అడవిలో ఉండేవాళ్లకు లాక్‌డౌన్‌తో పనేముందని మా క్లాసులో అన్నారు. మీరు పాడేరు వైపు ఏఎన్ఎంగా చేశారు కదా, అక్కడి ఆడవాళ్లు నిజంగా ఏమైనా ఇబ్బంది పడ్డారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, మా కొండలకు జ్వరం కంటే ముందు వచ్చింది సంత మూత. అక్కడి నుంచే చెబుతాను.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. కొండల్లో అవి చింతపండు రోజులు. చెట్టెక్కి దులిపేది మగవాళ్లయినా, ఏరడం, ఎండబెట్టడం, పెంకు కొట్టడం, గింజ తీయడం ఆడవాళ్ల పని. బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు దిగుతారు. అమ్మిన డబ్బుతో ఉప్పు, నూనె, సబ్బు, ఎండుచేపలు కొనుక్కుని ఎక్కుతారు. వారం మొత్తంలో ఆడమనిషి చేతిలో నాలుగు రూపాయలు ఆడేది ఆ రోజే. సంతలు ఆగేసరికి నేను తిరిగే ఊళ్లలో చింతపండు ఇళ్లలోనే పడి నల్లబడింది. చాటుగా బండి మీద వచ్చిన వ్యాపారికి అడిగినంతకే ఇచ్చేశారు. కేంద్రం గింజ చింతపండు మద్దతు ధర కిలోకు 31 నుంచి 36 రూపాయలు చేసింది, కానీ అది మే 1న. అప్పటికి ఆ ఇళ్లలో అమ్మడానికి సరుకేదీ?

జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు ఏప్రిల్ నుంచి మూడు నెలలు, నెలకు 500 రూపాయలు వేశారు. ఆ డబ్బు కోసం పోర్జా అనే గిరిజన తెగ అవ్వ ఒకామె నాతోపాటు కొండ దిగింది. ఆటోలు లేవు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నమైంది. డబ్బు తీయడానికి వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టింది, పడలేదు. ఏళ్ల తరబడి పెంకు కొట్టి, అడ్డాకులు కుట్టి ఆ వేలి గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచి పెట్టింది, తడి చేసి పెట్టింది, పక్క వేలు పెట్టింది. ‘వేలు నాది కాదంటోందా అమ్మా?’ అని నన్ను అడిగింది. ఖాళీ చేతులతో మళ్లీ కొండెక్కింది. ఆ నడక నేను మర్చిపోలేను.

ఇక కాన్పులు. రోడ్డు లేని ఊళ్ల నుంచి గర్భిణిని డోలీలో మోసుకురావడం అంతకుముందూ ఉన్నదే. కరోనా భయంతో ఊళ్లవాళ్లు దారికి అడ్డంగా చెట్లు కొట్టి పడేశారు. డోలీ మోసేవాళ్లు పక్క ఊరు దాటాలంటే బతిమాలాల్సి వచ్చేది. ఆస్పత్రికి వెళితే కరోనా అని తీసుకుపోయి వదలరన్న మాట అంటుకుపోయింది. వానలు పడ్డాక ఇంకా టెన్షన్. మాకు అది మలేరియా కాలం. మలేరియా పరీక్షకు రక్తపూత తీస్తామంటే కడుపుతో ఉన్న పిల్లలు జ్వరం దాచి, ఒళ్లు కాలిపోతున్నా బాగానే ఉన్నామనేవారు. గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. ఇంటింటికీ వెళ్లి నుదుటి మీద చెయ్యి వేసి చూసేదాన్ని. దూరం పాటించమని మాకు చెప్పారు. చెయ్యి వేయకపోతే నాకు తెలిసేదెలా?

ఆశ్రమ పాఠశాలలు మూసి ఆడపిల్లల్ని ఇళ్లకు పంపేశారు. అక్కడ మూడు పూటలా తిండి, నెలసరికి ప్యాడ్లు దొరికేవి. ఇంట్లో గుడ్డ పీలికలు. పాఠాలు ఫోన్లో అన్నారు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను అన్న చేతిలో. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నేను వెళ్లినప్పుడల్లా ‘బడి ఎప్పుడు తెరుస్తారు మేడం?’ అని అడిగేది. కాఫీ పళ్లు కోతకొచ్చే వేళకు కూలికి వెళ్లింది. తర్వాత పెళ్లి చేశారు. బడి తెరిచాక టీచర్లు ఆ ఊరు వచ్చేసరికి ఆమె పేరు నా గర్భిణుల రిజిస్టర్‌లో ఉంది. వయసు గడిలో 18 వేయమని పెద్దలు పట్టుబట్టారు. నేను 15 అనే రాశాను.