సొసైటీ రిజిస్టర్ అయితే పన్ను మినహాయింపు వచ్చినట్లేనా?

ప్రశ్న: ఉప్పల్‌లో మేం కొందరు విశ్రాంత ఉపాధ్యాయులం సొసైటీగా ఏర్పడి, పేద పిల్లలకు సాయంత్రం పూట ఉచితంగా చదువు చెప్పిస్తున్నాం. గత ఆర్థిక సంవత్సరంలో రూ.7,20,000 విరాళాలు రాగా రూ.5,40,000 ఖర్చయింది. పాఠాలు చెప్పే ఇద్దరికీ నెలకు రూ.12,000 చొప్పున నగదుగా ఇస్తున్నాం. మిగిలిన డబ్బుతో నెలకు రూ.15,000 చిట్టీ కడుతున్నాం. ఆదాయపు పన్ను చట్టంలోని 12ఏబీ (సంస్థ ఆదాయానికి మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను తగ్గింపు) సెక్షన్ల కింద తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఉంది. లాభం లేని సంస్థ రిటర్ను వేయనక్కర్లేదని ఒకరు చెప్పారు. అమెరికాలో ఉన్న మా అల్లుడు కూడా డబ్బు పంపుతానంటున్నాడు. మేం ఏం చేయాలి?

జవాబు: రిటర్ను అక్కర్లేదన్న మాట సరికాదు. సొసైటీల చట్టం కింద రిజిస్టర్ కావడం వల్ల మీ సంస్థకు చట్టబద్ధమైన ఉనికి మాత్రమే వస్తుంది. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మీకొచ్చే విరాళాలు కూడా ఆదాయమే. మినహాయింపును లెక్కలోకి తీసుకోకముందు ఆ ఆదాయం పన్ను పడని పరిమితిని దాటితే ఖాతాలను ఆడిట్ చేయించాలి, ఇలాంటి సంస్థల రిటర్ను ఫారమైన ఐటీఆర్-7 దాఖలు చేయాలి. మీ స్థాయి సంస్థకు ఆడిట్ నివేదిక ఫారం 10బీబీలో ఉంటుంది. సాధారణంగా దానికి సెప్టెంబరు 30, రిటర్నుకు అక్టోబరు 31 గడువు.

ఇక మీరు ప్రస్తావించకుండా వదిలేసిన విషయమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మూడేళ్లకే పరిమితం. దాని గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, లేదా కార్యకలాపాలు మొదలైన ఆరు నెలల్లోపు, ఈ రెండింటిలో ఏది ముందు వస్తే ఆలోగా, ఫారం 10ఏబీలో పూర్తి స్థాయి రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు చేయాలి. మీ తరగతులు ఇప్పటికే నడుస్తున్నాయి కాబట్టి మీ విషయంలో ఆ గడువు దాటిపోయి ఉండవచ్చు. అలా దాటినా దారి మూసుకుపోలేదు. సహేతుకమైన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి కమిషనర్‌కు ఉంది. హైదరాబాద్‌లోని ఆదాయపు పన్ను మినహాయింపుల కమిషనర్‌కు ఆ విన్నపంతో పాటే దరఖాస్తు పెట్టండి. 80జీకి విడిగా మరో దరఖాస్తు అవసరం. దీన్ని ఉపేక్షిస్తే మినహాయింపు పోవడమే కాక, సంస్థ ఆస్తుల్లోంచి అప్పులు తీసేయగా మిగిలిన విలువపై గరిష్ఠ రేటున పన్ను కట్టాల్సి రావచ్చు. సకాలంలో పూర్తి చేస్తే మాత్రం చిన్న సంస్థలకు మంచి వెసులుబాటే ఉంది. దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఏ ఏడాదీ ఆదాయం రూ.5 కోట్లు దాటకపోతే, 2025 ఏప్రిల్ నుంచి 12ఏబీ రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకు బదులు పదేళ్లకు ఇస్తున్నారు.

ఇప్పుడు మీ లెక్కలకు వద్దాం. ఏడాది ఆదాయంలో కనీసం 85 శాతం, అంటే మీ విషయంలో రూ.6,12,000, సంస్థ ఆశయాల కోసం ఖర్చు కావాలి. మీ ఖర్చు అంతకన్నా రూ.72,000 తక్కువ. ఫలానా పనికి అయిదేళ్లలోపు వాడుతామని తీర్మానం చేసి, ఆగస్టు 31లోగా ఫారం 10 సమర్పిస్తే ఆ మొత్తాన్ని కాపాడుకోవచ్చు. అసలు చిక్కు నగదు చెల్లింపుల్లో ఉంది. ఒక వ్యక్తికి ఒకే రోజు రూ.10,000కు మించి నగదుగా ఇచ్చిన మొత్తాన్ని చట్టం ఖర్చుగా గుర్తించదు. ఇద్దరికీ నెలనెలా రూ.12,000 చొప్పున ఇస్తున్నారు కనుక, ఏడాదికి రూ.2,88,000 మీ ఖర్చులోంచి జారిపోతుంది. పిల్లల చదువుకే న్యాయంగా వెచ్చించిన సొమ్ము, కేవలం ఇచ్చిన పద్ధతి వల్ల పన్ను పరిధిలోకి వస్తుంది. నిజాయతీగా పనిచేసే చిన్న సంస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఇలాంటి అలవాట్ల వల్లే. వచ్చే నెల నుంచే ఆ జీతాలు సొసైటీ బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వారి ఖాతాల్లో పడేలా చూడండి. గత ఏడాది చెల్లింపుల సంగతి దాచకుండా ఆడిటర్ ముందుంచండి.

చిట్టీని కూడా ఆపాలి. ధార్మిక సంస్థ మిగులును ఎక్కడ ఉంచవచ్చో సెక్షన్ 11(5)లో జాబితా ఉంది. బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లకు అందులో చోటుంది. రిజిస్టరైన కంపెనీ చిట్టీ అయినా సరే, చిట్టీకి చోటు లేదు. ఈ నిబంధన ఉల్లంఘించిన మేరకు ఆదాయంపై 30 శాతం పన్ను పడుతుంది. సభ్యులెవరికైనా ఆ డబ్బును చేబదులుగా ఇచ్చే ఆలోచన ఉంటే అదీ మానుకోండి.

రసీదు పుస్తకాన్ని ఒకసారి తిరగేయండి. ‘ఒక శ్రేయోభిలాషి’ అని రాసిన రసీదులుంటే, అలాంటి విరాళాలు రూ.లక్ష, లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటిన భాగంపై 30 శాతం పన్ను తప్పదు. దాత పేరు, చిరునామా, పాన్ తీసుకోండి. ఏటా మే 31లోగా విరాళాల వివరాలతో ఫారం 10బీడీ సమర్పించి, దాతలకు 10బీఈ అనే విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. ఇందులో ఆలస్యమైతే రోజుకు రూ.200 రుసుము. రూ.2,000 మించిన నగదు విరాళానికి 80జీ వర్తించదని, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ తగ్గింపు అసలే లేదని దాతలకు ముందే చెప్పడం మర్యాద.

ఈ సెక్షన్లు, ఫారాలు 1961 చట్టం ప్రకారం చెప్పినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం వర్తిస్తుంది కాబట్టి అప్పటి నుంచి సెక్షన్ల సంఖ్యలు మారతాయి.

చివరగా, మీ అల్లుడి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఆయన భారత పౌరుడే అయితే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే అవుతుంది. దానికి కేంద్ర హోం శాఖ నుంచి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి, న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తెరవాలి. రిజిస్ట్రేషన్‌కైతే సంస్థకు మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో ఆశయాల కోసం కనీసం రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఆయన అమెరికా పౌరుడైతే, ఆ అనుమతి చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా సొసైటీ ఖాతాలోకి రానివ్వకండి.