పాత ట్రైలర్‌లో సింక్: కోసే ముందు కిందికి చూడండి

ప్రశ్న: 1960ల నాటి షాస్టా ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇల్లు) కొని బాగుచేసుకుంటున్నాం. తుప్పు పట్టిన సింక్ తీసేశాం. కౌంటర్ కూడా కొత్త ప్లైవుడ్‌తో వేస్తున్నాం. ఇళ్ళలో వాడే స్టీలు సింక్ పెట్టుకోవచ్చా? రంధ్రం ఎలా కోయాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఇళ్ళలో వాడే 33 × 22 అంగుళాల సింక్ వద్దు. అమెరికా ఇళ్ళలో కౌంటర్ లోపలికి 25 అంగుళాలు ఉంటుంది, ఆ కాలపు చిన్న ట్రైలర్లలో అంత చోటుండదు. 15 × 15 అంగుళాల బార్ సింక్ చూడండి. తొట్టి లోతు 5, 6 అంగుళాలు చాలు. అంతకంటే లోతైతే కింద ట్రాప్‌కు (వాసన పైకి రాకుండా కాస్త నీళ్ళు నిలిపే వంపు గొట్టానికి) చోటు మిగలదు, నీళ్ళూ ఎక్కువ ఖర్చవుతాయి.

కొనే ముందు టార్చిలైటు పట్టుకుని క్యాబినెట్‌లోకి, ఆ తర్వాత ట్రైలర్ కిందికి దూరండి. పొయ్యికి వెళ్ళే గ్యాసు రాగి గొట్టం, కరెంటు తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. నేల కింద ఇరుసు, స్ప్రింగులు, టైరు, ఛాసిస్ అడ్డపట్టీలు తగలని చోట డ్రెయిన్ గొట్టం దిగాలి. ఆ చోటు తేలితేనే సింక్ ఎక్కడ పెట్టాలో తేలుతుంది. అడ్డంగా వెళ్ళే గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు కావాలి, అంటే 4 అడుగులకు ఒక అంగుళం. ఇంకో మాట: ఈ ట్రైలర్లలో క్యాబినెట్లు గోడలకు బలాన్నిచ్చే భాగాలు. సింక్ పట్టలేదని ముందున్న అడ్డపట్టీని కోసేయకండి, చిన్న సింక్ తెచ్చుకోండి.

ఇక కోత. కంపెనీ ఇచ్చిన కాగితం అచ్చు ఉంటే అదే వాడండి. లేకపోతే సింక్‌ను బోర్లించి అంచు చుట్టూ గీత గీయండి. దానికి సుమారు అర అంగుళం లోపల ఇంకో గీత గీయండి, కోయాల్సింది ఆ లోపలి గీత మీద. సింక్‌ను అడుగు నుంచి కౌంటర్‌కు బిగించే క్లిప్పులు తగిలించే పట్టీ రంధ్రంలోకి దిగాలి, అంచు మాత్రం కౌంటర్ మీద కూర్చోవాలి. ముందు అట్ట మీద కోసి సరిచూసుకుంటే ప్లైవుడ్ దండగ కాదు. నాలుగు మూలల్లో డ్రిల్లుతో ముప్పావు అంగుళం రంధ్రాలు వేసి, జిగ్‌సాతో వాటిని కలుపుతూ కోయండి. పైన లామినేట్ ఉంటే గీత మీద మాస్కింగ్ టేపు అంటించి, పళ్ళు కిందికి తిరిగిన బ్లేడు వాడండి. మామూలు బ్లేడు పైకి లాగుతూ లామినేట్‌ను పెచ్చులుగా లేపుతుంది. కోత ముగిసే చోట కింద ఎవరైనా ముక్కను పట్టుకోవాలి, లేకపోతే అది విరిగి పడుతూ మూలను చీలుస్తుంది.

కోసిన అంచుకు ఎపాక్సీ గానీ వార్నిష్ గానీ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఈ పని మానేస్తే ప్లైవుడ్ ఆ అంచు నుంచే నీరు పీల్చి ఉబ్బుతుంది. చాలామంది దీన్నే వదిలేస్తారు.

కుళాయి, జాలీ రెండూ సింక్ బయట ఉండగానే బిగించండి, లోపల దూరి బిగించడం నరకం. తర్వాత అంచు కింద సిలికాన్ సన్నగా, ఎక్కడా తెగకుండా వేసి సింక్ దించండి. ఇంటి సింక్ క్లిప్పులు ముప్పావు అంగుళం కౌంటర్‌కు సరిపోయేలా చేస్తారు. మీ ప్లైవుడ్ అర అంగుళమే అయితే అవి పట్టవు. క్లిప్పు వచ్చే చోట అడుగున పావు అంగుళం చెక్క ముక్కలు జిగురుతో అంటించండి.

ప్రశ్న: మా ట్రైలర్‌లో మురుగు నీటి ట్యాంకు లేదు. సింక్ గొట్టం నేలలోంచి బయటికి వచ్చి ఆగిపోయింది. నీళ్ళు దిగేటప్పుడు గుడగుడమని శబ్దం, ఆపైన వాసన. ఏం చేయాలి?

జవాబు: అప్పట్లో నీళ్ళను నేల మీదికే వదిలేవారు. ఇప్పుడు చాలా క్యాంపుగ్రౌండ్లలో ఒప్పుకోరు. గొట్టం చివర హోస్ తగిలించి చక్రాల ట్యాంకులోకి గానీ మూత ఉన్న క్యాన్‌లోకి గానీ పంపండి. మంచినీళ్ళ క్యాన్ 5 గ్యాలన్లయితే మురుగు క్యాన్ 6 ఉండాలి. చిన్నదైతే ఏదో ఒక రోజు పొంగుతుంది.

గుడగుడకు కారణం గాలి అందకపోవడం. దిగే నీటి వెనక గాలి రాకపోతే ట్రాప్‌లో నిలవాల్సిన నీటిని కూడా అది లాక్కుపోతుంది, వాసనకు దారి తెరుచుకుంటుంది. ట్రాప్ దాటాక ఒక టీ జాయింటు పెట్టి, నిలువు గొట్టం చివర ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ (గాలిని లోపలికి రానిచ్చి, వాసనను బయటికి పోనివ్వని మూత) బిగించండి. కౌంటర్ కింద ఎంత ఎత్తున కుదిరితే అంత ఎత్తున, చేయి అందే చోట పెట్టండి. అందులోని రబ్బరు ఎప్పటికైనా పాడయ్యేదే.

ట్రాప్ నట్లు ఒకటిన్నర అంగుళం గొట్టానికి చేత్తో బిగించి, పైన పావు చుట్టు చాలు. వాషరే పట్టుకుంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు అక్కర్లేదు. అయితే ప్రయాణంలో కుదుపులకు నట్లు వదులవుతాయి. గొట్టాన్ని పట్టీలతో గోడకు కట్టేయండి. పరీక్ష చేసేటప్పుడు కుళాయి సన్నగా తిప్పి చూస్తే సరిపోదు. తొట్టి నిండా నీళ్ళు పట్టి ఒక్కసారి వదిలి, ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం అద్ది చూడండి.

ప్రశ్న: పాత రాగి గొట్టాలు బాగానే ఉన్నాయి. ఉంచేయవచ్చా?

జవాబు: తాగే నీళ్ళకైతే వద్దు. అమెరికాలో తాగునీటి గొట్టాల అతుకుల్లో సీసం సోల్డరును నిషేధించింది 1986లో. మీ ట్రైలర్ అంతకు ముందుది. అర అంగుళం పెక్స్ (వంగే ప్లాస్టిక్) గొట్టం వేయండి, రాగి కంటే గడ్డకట్టే చలిని బాగా తట్టుకుంటుంది. క్యాంపుగ్రౌండ్ కుళాయికి కలిపేటప్పుడు నీటి ఒత్తిడిని 40–50 పీఎస్ఐ దాటనివ్వని రెగ్యులేటర్ తప్పనిసరి.

ప్రశ్న: కుళాయి కట్టేసినా రాత్రిళ్ళు 12 వోల్టుల పంపు ఉన్నట్టుండి ఒక్క క్షణం తిరిగి ఆగుతోంది.

జవాబు: ఎక్కడో ఒత్తిడి తగ్గుతోంది. పంపు దాటిన వెంటనే ఒక వాల్వ్ పెట్టి మూయండి. అప్పుడు పంపు ఊరుకుంటే లీకు గొట్టాల్లోనో కుళాయిలోనో ఉంది. అప్పటికీ తిరుగుతుంటే పంపులోని చెక్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనివ్వాల్సిన వాల్వ్) నీటిని వెనక్కి, ట్యాంకులోకి వదులుతోంది. అందులో చెత్త ఇరుక్కుందేమో కడిగి చూడండి, పంపుకు ముందు జాలీ ఫిల్టరు లేకపోతే పెట్టించండి.